కట్టె మీద గొడ్డలి కాటు

1985లో నేను ఆదిలాబాద్ జిల్లాలో, నిర్మల్‌కు తూర్పున అడవిని ఆనుకుని ఉన్న ఒక పంచాయతీ సమితిలో గ్రామసేవికగా పనిచేస్తున్నాను. అప్పటికి ఇరవై ఏడేళ్లు, ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. గ్రామసేవిక అంటే ఊళ్లలో ఆడవాళ్ల కోసం సర్కారు పంపే మనిషి. గర్భిణులకు మందు బిళ్లలు ఇప్పించడం, పెరట్లో కూరగాయ విత్తనాలు పెట్టించడం, మహిళా మండలిలో కుట్టు నేర్పించడం మా పనులు. మా సొంతూరు పెద్దపల్లి దగ్గర. వరిపొలాల మధ్య పెరిగినదాన్ని. మా అవ్వ పొయ్యిలో కందికట్టె, పిడకలు పెట్టేది. అడవి నుంచి కట్టె ఇంటికి ఎలా వస్తుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పటికి నాకు తట్టలేదు.

ఆ ఏడాది మాకు కొత్త పని ఒకటి అప్పగించారు. అదే పొగలేని పొయ్యి. హైదరాబాదులో పది రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఇటుకలు పేర్చి, మట్టిలో పేడ, వరిపొట్టు కలిపి మెత్తి కట్టే రెండు కళ్ల పొయ్యి అది. కట్టె పెట్టే అరను ఫైర్‌బాక్స్ అంటారు. దాని నోరు చిన్నదిగా, జానెడు కంటే తక్కువగా ఉండాలి. మొదటి కుండ కింద మండిన వేడి లోపలి దారిగుండా రెండో కుండ కిందికి పోతుంది. అక్కడ మట్టితో చిన్న మిట్ట కడతాం. దాని పేరు బాఫిల్, వేడిని పైకి తోసి కుండకు తగిలించడం దాని పని. మిగిలిన పొగ చిమ్నీలోంచి కప్పు దాటి బయటికి పోతుంది.

ఇప్పుడు వాతావరణ మార్పు అనే మాట బడిపిల్లలకు కూడా తెలుసు. అప్పట్లో మాకు చెప్పింది ఇంతే: ఇంటింటి పొయ్యి అడవిని తింటోంది, పొయ్యి మారితే కట్టె మిగులుతుంది, అడవి బతుకుతుంది. నేను నమ్మాను. అందులో కొంత నిజం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను.

పొయ్యిలు కట్టడానికి నాకు తోడు ఇస్మాయిల్ మేస్త్రీ. భైంసా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, యాభై దాటినవాడు, మాట తక్కువ. మట్టిని గుప్పిట్లో పిసికి చూసి, ఇందులో ఇసుక ఎక్కువుంది, పగులుతుంది అని చెప్పేవాడు. చెప్పినట్టే పగిలేది.

మాకు మొదట ఇచ్చిన ఊరు సరిగ్గా అడవి అంచున ఉంది. అరవై గడపలు ఉంటాయేమో. అక్కడివాళ్లు ఇంకా ఉన్నారు కనుక ఊరి పేరు రాయను. మహిళా మండలి మీటింగు పెట్టి పొయ్యి బొమ్మ చూపిస్తే అందరూ విన్నారు గాని ఎవరూ ముందుకు రాలేదు. చివరికి చంకలో పసిపిల్లను ఎత్తుకుని ఒకామె లేచి నిలబడింది. నలభై రెండు, నలభై మూడేళ్లుంటాయి. పేరు రాజవ్వ. ఆ పిల్ల ఆమె కొడుకు బిడ్డ.

"గీ పొయ్యి పెడితె పొగ నిజంగనే బయటికి పోతదా, సేవికమ్మా?" అని అడిగింది.

"పోతది అక్కా."

"మళ్ల లోపటికి రాదు?"

"రాదు."

"అయితె ముందుగాల మా ఇంట్ల కట్టుండ్రి. పిల్ల పుట్టి నెల గాలే, దగ్గు పట్టింది. నా కోడలు పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల పిల్లను పట్టుకొని బయట కూసుంటున్న. వానొస్తె యాడ కూసుందు?"

వాళ్లది ఒకటే గది. మూలన మూడు రాళ్ల పొయ్యి, పైన నల్లగా మెరిసే వాసాలు. భర్త, కొడుకు ఇద్దరూ కాలువ పనికి పోయి నెలకోసారి వస్తారు. ఇంట్లో ఉండేది రాజవ్వ, కోడలు లక్ష్మి, పసిపిల్ల. ఇస్మాయిల్ మేస్త్రీ రెండు రోజుల్లో పొయ్యి కట్టాడు. వారం ఆరాక ముట్టించాం. రాజవ్వ పొయ్యి దగ్గర కూర్చోలేదు. వాకిట్లోకి పరుగెత్తి కప్పు మీది గొట్టం వైపు చూసింది.

"సూడుండ్రే! పొగ మీదికెల్లి పోతుంది!" అని వాడకట్టంతా వినబడేటట్టు అరిచింది.

ఆ మధ్యాహ్నమే పదకొండు ఇళ్లవాళ్లు మాకూ కట్టమన్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఒక్క ఊళ్లో నలభై పొయ్యిలు లేచాయి. సమితి మీటింగులో మా పై అధికారి బీడీవోగారు నా టార్గెట్ పూర్తయిందని అందరి ముందు చదివారు. నాకు గర్వంగానే అనిపించింది.

మాఘమాసంలో, కట్టిన పొయ్యిలు చూసి రావడానికి మళ్లీ పోయాం. మొదట రాజవ్వ ఇంటికే వెళ్లాను. ఇంటి నిండా పొగ. ఫైర్‌బాక్స్ నోటి అంచు పగిలి ఉంది. మనిషి పొడవున్న ఎండుకొమ్మ ఒకటి సగం లోపల, సగం బయట, గదికి అడ్డంగా పడి ఉంది. మూడు రాళ్ల పొయ్యిలో పెట్టినట్టే పెట్టి, కాలుతున్నకొద్దీ లోపలికి తోస్తున్నారు. ఆ బరువుకే అంచు విరిగింది. లావు కొమ్మ నోటికి అడ్డం పడి, గాలి ఆడక పొగ వెనక్కి తన్నుతోంది.

"గింత కర్ర పెడితె ఎట్లక్కా? జానెడు ముక్కలు చేసి, నిలువుగ చీల్చి పెట్టాలె. ముందే చెప్పిన గదా," అన్నాను.

"ముక్కలు జేయాలంటె గొడ్డలి వెట్టాలె గదమ్మా."

"పెట్టాలె మరి. ఇంట్ల లేదా?"

"ఉన్నది. మా ఆయనది." ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. పగిలిన అంచుకు మట్టి మెత్తుతున్న ఇస్మాయిల్ మేస్త్రీ తలెత్తి నన్నొకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

నేను లక్ష్మి ఒళ్లో ఉన్న పిల్లను చూశాను. "పిల్లకు దగ్గు తగ్గాలంటె గంతే అక్కా," అన్నాను.

ఆ మాట రాజవ్వకు తగిలింది. "సరే బిడ్డా, కొడ్త," అంది. ఆ సాయంత్రం నా టూర్ డైరీలో, అంటే ఏ రోజు ఏ ఊళ్లో ఏం పని చేశామో రాసుకునే పుస్తకంలో, వంటచెరకును జానెడు ముక్కలుగా చేసి వాడవలసిందిగా సూచించడమైనది అని రాశాను.

పది రోజులు కాలేదు. పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే ఇస్మాయిల్ మేస్త్రీ సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. ఆయన ఎప్పుడూ ఇంటికి రాలేదు.

"మేడమ్, జర పరేషాన్ అయింది. రాజవ్వను ఫారెస్టోళ్లు తీస్కపోయిండ్రు. పొయ్యి పక్కన కట్టె పేర్చి ఉండె గదా, గది సూసి."

ఆ వారం ఊరి పక్క అడవిలో ఎవరో టేకు చెట్లు కొట్టి లారీలో దాటించారట. బీట్ గార్డు ఇద్దరు వాచర్లను వెంటబెట్టుకుని ఇళ్లు వెతికాడు. అన్ని ఇళ్లలో పొడవాటి కొమ్మలే కనిపించాయి. రాజవ్వ ఇంట్లో మాత్రం జానెడు జానెడు ముక్కలు, నున్నగా తెగిన కొనలతో, నేను చెప్పినట్టే గోడవారన పేర్చి ఉన్నాయి. పక్కనే గొడ్డలి.

"ఎండు కట్టెనే గదా! తెచ్చుకోనిస్తరు గదా!" అన్నాను.

"చేత్తోని ఇరిసిన కట్టెను తెచ్చుకోనిస్తరు. గొడ్డలి కాటు కనవడితె చెట్టు కొట్టినట్టే. గందుకనే గా ఊరి ఆడోళ్లు కట్టెకు గొడ్డలి తాకనియ్యరు. ఇంట్ల గూడ తాకనియ్యరు. ఇరిసిన కొనలు ఎట్లున్నయో అట్లనే పొయ్యిల వెడ్తరు."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నన్ను ఎవరడిగిండ్రు మేడమ్? పొయ్యి కట్టమన్నరు, కట్టిన."

బీడీవోగారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు గాని జాగ్రత్తపరుడు. "అది వేరే డిపార్ట్‌మెంటమ్మా. మనం జోక్యం చేసుకుంటే రేపు నీ మీదికే వస్తది," అన్నాడు. ఒక పూట సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టి, మేస్త్రీతో కలిసి బస్సెక్కాను.

అటవీశాఖ రేంజ్ ఆఫీసు మెట్ల మీద రాజవ్వ కూర్చుని ఉంది. ముందు ఆమె కట్టెల కుప్ప, దాని మీద గొడ్డలి. గార్డు అప్పటికే పీవోఆర్ రాసేశాడు. అడవి నేరం మీద మొదట రాసే కాగితాన్ని అలా అంటారు. రేంజ్ ఆఫీసరు సంతకం చేస్తే తెల్లారి ఆమెను కోర్టుకు పంపుతారు. ఇంట్లో చంటిపిల్లతో కోడలు ఒక్కతే ఉంది. మగవాళ్లకు కబురు చేరడానికే మూడు రోజులు పడుతుంది.

"అక్కా, నా వల్లనే..." అంటూ పక్కన కూలబడ్డాను.

"ముందు గా సారుతోని మాట్లాడు బిడ్డా. ఏడుసుడు తర్వాత ఏడుద్దం," అంది.

రేంజ్ ఆఫీసరు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. నా మాట పూర్తిగా విన్నాడు. టూర్ డైరీ తీసి ఆ తేదీ పేజీ చూపించాను. కళ్లద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చదివాడు.

"ముక్కలు చేయమన్నది నువ్వేనన్నమాట. అయితే నీ మీద రాయాలెనా కేసు?"

"రాయండి సార్. ఆమెను పంపించండి," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు కూడా. "చూడమ్మా, నువ్వు చెప్పినవని ఈ రాత చెప్తది. ఆమె ఎండుకొమ్మనే ముక్కలు చేసిందని చెప్పదు. పచ్చి చెట్టు కొట్టి తెచ్చి ఆరబెట్టిందేమో. నేనెట్ల నమ్మాలె?"

"అందరు గిదే మాట చెప్తరు సార్," అన్నాడు గార్డు వెనక నుంచి.

అప్పుడు రాజవ్వ మెట్ల మీద నుంచి లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, గా కట్టెలను నేను మళ్ల కొమ్మలు జేసి సూపిస్త. ఇరిసి తెచ్చిన కొమ్మకు రెండు దిక్కులు ఇరిసిన కొనలే ఉంటయి. గొడ్డలి కాటు నడుమనే ఉంటది. సూస్తరా?"

ఆఫీసరు ఆమెను ఒక నిమిషం చూసి, "చెయ్యి," అన్నాడు.

వరండా గచ్చు మీద కుప్పంతా పరిచింది. ముందు పొట్టు పొట్టుగా విరిగిన కొనలున్న ముక్కలు ఏరి వేరుగా పెట్టింది. ఒకటి తీసుకుని, దాని తెగిన మొఖానికి సరిపోయేది కుప్పలో వెతికింది. చీల్చిన ముక్కలను ముందు జతచేసి గుండ్రం చేసేది, తర్వాత మొఖానికి మొఖం ఆనించేది. బెరడు మీద చెదపురుగు తిన్న దారి ఒక ముక్క మీద ఆగి, పక్క ముక్క మీద సరిగ్గా అక్కడే మొదలయ్యేది. సరిపోకపోతే తీసి ఇంకోటి పెట్టేది. మొదటి కొమ్మ తయారయ్యేసరికి ఆఫీసు గుమాస్తా, వాచర్లు చుట్టూ చేరారు. తునికి కొమ్మ అది. నాలుగు మూరలు ఉంటుంది. రెండు కొసలూ విరిగినవే.

రెండో కొమ్మ పెట్టింది. మూడోదాని నడుమ ఒక ముక్క దొరకలేదు. గార్డు, "ఏదీ మరి?" అన్నాడు.

"మొన్న పొద్దుగాల పొయ్యిల వడ్డది సార్. జొన్నరొట్టెలు జేసిన," అంది రాజవ్వ తల ఎత్తకుండానే. ఖాళీని ఖాళీగానే వదిలి అవతలి ముక్క పెట్టింది.

రేంజ్ ఆఫీసరు గొంతుక్కూర్చుని ఒక అతుకు దగ్గర బెరడును గోటితో గీకాడు. లోపల పచ్చిదనం లేదు. ఇంకో కొమ్మకు గీకాడు. వాసన చూశాడు. "చాలమ్మా, తెలిసింది," అన్నాడు.

"ఇంకో కొమ్మున్నది సార్," అని రాజవ్వ ఆగలేదు. ఆయన కూడా లేవలేదు. నాలుగో కొమ్మ పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. గచ్చు మీద నాలుగు ఎండుకొమ్మలు వరసగా పడుకున్నాయి. ఒక్కటీ టేకు కాదు.

పీవోఆర్ నంబరు వేసిన పుస్తకంలోది కాబట్టి చింపడానికి లేదు. విచారణలో నేరం రుజువు కాలేదని దాని కిందే రాసి సంతకం పెట్టాడు. గొడ్డలి మాత్రం కాగితంలోకి ఎక్కింది కనుక పైనుంచి ఉత్తర్వు రావాలన్నాడు. అది చేతికొచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ రాజవ్వ భర్త ఇంటికొచ్చినప్పుడల్లా ఎవరి గొడ్డలో అడిగి తెచ్చుకున్నాడు. టేకు కొట్టినవాళ్లు దొరికారని నేనైతే వినలేదు.

తిరుగు బస్సులో, ఇంకో ఉపాయం ఏదైనా చూస్తానని నేను ఏదేదో చెబుతూ పోయాను. రాజవ్వ కిటికీలోంచి చూస్తూ విన్నది. ఊరు వచ్చేముందు అంది: "పొయ్యి మంచిదేనమ్మా. గాని గా పొయ్యి అడిగే కట్టె మా తాన లేదు."

మరునాడు నలభై ఇళ్లూ తిరిగాను. ఈసారి వాకిట్లో నిలబడి అడగలేదు. లోపలికి పోయి బూడిద ముట్టుకుని చూశాను. ఏడు పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని ఫైర్‌బాక్స్‌లో కోడి పొదుగుతోంది. మిగతావాటి మీద కుండలు, మూటలు. నేను వస్తున్నానని తెలిసినప్పుడు వాటిని ముట్టించేవాళ్లట, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక.

ఆ తర్వాత రాజవ్వతో కలిసి కట్టెలకు పోయాను. వస్తానంటే నవ్వింది. "నువ్వా? గా మెత్తటి చెప్పులు వద్దు. ముండ్లు దిగుతయి," అంది. తెల్లవారక ముందే బయలుదేరి రెండు గుట్టలు దాటాం. ఎండుకొమ్మను చెట్టు పంగలో ఇరికించి, ఒళ్లంతా దాని మీద మోపి విరిచేవాళ్లు. మోకాలితో విరిచేవాళ్లు. పొడవు కొమ్మలే ఎందుకో అక్కడ అర్థమైంది. పొడవుంటేనే మోపు నెత్తి మీద తూగుతుంది. పొట్టి ముక్కలు రెండుచోట్ల తాడేసి కట్టిన మోపులో నిలవవు, దారంతా జారిపోతాయి. నేను సగం మోపు ఎత్తుకుని మూడుచోట్ల దించాను. రాజవ్వ నిండు మోపుతో నాకోసం మూడుచోట్లా ఆగింది.

వచ్చాక ఇస్మాయిల్ మేస్త్రీని కూర్చోబెట్టి అడిగాను. "మేస్త్రీ, మీరైతే ఎట్ల కడతరు?"

ఆయన చాలా రోజుల క్రితమే ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పాడు. "నోరు పెద్దగ జేస్త. నోటి ముందల గంతే ఎత్తున ఒక బండరాయి పాతుత. కొమ్మ బరువు రాయి మీద పడ్తది, అంచు మీద పడదు. నోటికి మీదికెల్లి పెంక అడ్డం వెడ్త, పొగ వాపస్ రాకుంట. కట్టె గంత మిగలదు మేడమ్. పొగ మాత్రం పోతది."

మొదటిది మళ్లీ రాజవ్వ ఇంట్లోనే కట్టాం. ఈసారి ఆమె ఒక షరతు పెట్టింది. "నెల దినాలు నేను వండి సూస్త. నేను చెప్పినంకనే ఇంకో ఇంట్ల కట్టాలె." నెలలో రెండుసార్లు మార్పించింది. రాయిని బెత్తెడు వెనక్కి జరిపించింది, చిమ్నీ మసి తీయడానికి కింద చిన్న రంధ్రం పెట్టించింది. ఆ తర్వాతే సరేనంది. లక్ష్మి పిల్లను పొయ్యి ఉన్న గదిలోనే పడుకోబెట్టి వండటం నేను కళ్లారా చూశాను. దగ్గు ఒక్కసారిగా పోలేదు గాని, ఆ ఎండాకాలానికి తగ్గింది.

నలభైలో ఏడే మండుతున్నాయని రిపోర్టు రాస్తే బీడీవోగారు వెనక్కి పంపారు. "ఎన్ని కట్టినమో రాస్తె చాలమ్మా," అన్నారు. రెండోసారీ అదే రాశాను. నాకు మెమో వచ్చింది. జిల్లా నుంచి వచ్చిన టెక్నికల్ ఆయన ఇస్మాయిల్ మేస్త్రీ పొయ్యిని టేపుతో కొలిచి, స్పెసిఫికేషన్ ప్రకారం లేదు, లెక్కలోకి రాదు అన్నాడు. లెక్కలోకి రాని పొయ్యిలు ఆ ఊళ్లో ఇరవై రెండు కట్టాం. మూడేళ్ల తర్వాత బదిలీ మీద పోయేముందు చూస్తే పందొమ్మిది మండుతున్నాయి.

రేంజ్ ఆఫీసరును కూడా మళ్లీ కలిశాను. ఇంట్లో కొట్టుకున్న ఎండుకట్టె మీద కేసు పెట్టొద్దని గార్డులకు నోటిమాటగా చెప్పాడు. రాసివ్వమని అడిగితే, నా చేతిలో లేదమ్మా అన్నాడు. ఆయన రిటైరయ్యాక ఆ నోటిమాట కూడా పోయింది. ఆడవాళ్లు మళ్లీ కట్టెకు గొడ్డలి తాకించడం మానేశారు.

తొంభైలలో నాకు ప్రమోషన్ వచ్చి, కొత్తగా చేరిన గ్రామసేవికలకు నేర్పే పని అప్పగించారు. అప్పటికి గోబర్ గ్యాస్ వచ్చింది, సోలార్ కుక్కర్ వచ్చింది, అడవిని ఊరివాళ్లే కాపాడుకోవాలని కమిటీలు వచ్చాయి. రాజవ్వ కేసు నాకు నేర్పిందల్లా ఇది: పొయ్యి ఒక్కటే విడిగా ఉండదు. దాని వెనక కట్టె, కట్టె వెనక దారి, దారిలో నిలబడ్డ మనిషి ఉంటాడు. ఆ వరసలో ఒక్కటి చూడకుండా సలహా ఇస్తే, దాని శిక్ష ఇచ్చినవాళ్లకు పడదు, విన్నవాళ్లకు పడుతుంది. అందుకని ట్రైనింగు మొదటి రోజు నేను నల్లబల్ల మీద ఏమీ రాసేదాన్ని కాదు. అమ్మాయిలను తెల్లవారుజామునే లేపి, దగ్గర్లోని ఊరి ఆడవాళ్లతో కట్టెలకు పంపేదాన్ని. వాళ్లు మధ్యాహ్నం మెడలు పట్టుకుని తిరిగొచ్చి, నీళ్లు తాగి కూర్చున్నాక, అప్పుడు పాఠం మొదలుపెట్టేదాన్ని.